ఆటిజం ఉన్న మా ఆరేళ్ల బాబు అన్నమంతా ఒంటికి పూసుకుంటున్నాడు, తనంతట తాను తినడం ఎలా నేర్పాలి?

మీరు రాసింది మొత్తం చదివానమ్మా. బాబుకి ఆరేళ్లు, మాటలు కొన్నే వచ్చు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నారు. పెరుగన్నం పెడితే పిసికి బల్లంతా పూస్తాడు, చేతులు చొక్కాకి తుడుచుకుంటాడు, ఇడ్లీ అయితే బుగ్గల నిండా కుక్కుకుంటాడు, రెండు ముద్దలకోసారి లేచి పరిగెడతాడు, ఫోన్ ఉంటేనే కూర్చుంటాడు. చూడలేక మీ అత్తయ్యగారు తనే తినిపించేస్తున్నారు. రెండు నెలల్లో చిత్తూరులో మీ మరిదిగారి పెళ్లి, అక్కడ అందరి ముందూ ఏమవుతుందోనని మీకు టెన్షన్.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనులు నేర్పేదాన్ని, బెంగళూరులో చాలా ఏళ్లుగా ఇలాంటి పిల్లలతోనే పని చేస్తున్నాను, అందులో మన తెలుగు ఇళ్ల పిల్లలు చాలామందే. మీరు రాసినవన్నీ ఒకే సమస్య కాదు. పూయడానికి ఒక కారణం, కుక్కుకోవడానికి ఇంకో కారణం, లేచిపోవడానికి మరొకటి. అన్నిటికీ కలిపి "శుభ్రంగా తిను" అని చెప్తే వాడికి అర్థమయ్యేది ఏమీ ఉండదు. ఒక్కోదాన్ని విడదీసి ఎందుకు జరుగుతోందో చూస్తే సగం పని అయినట్టే. అల్లరి, మొండితనం, పెంపకం లోపం అనే మాటల్ని దయచేసి ఈ చర్చలోంచి తీసేయండి, అవి ఏ పిల్లాడికీ ఒక్క ముద్ద కూడా నేర్పలేదు.

స్పర్శ, రుచి, వాసన, శబ్దం మామూలుకంటే ఎక్కువగానో తక్కువగానో తెలియడం ఆటిజంలో భాగమే. మానసిక వైద్యులు నిర్ధారణకి వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎమ్-5 (2013)లో నిర్ధారణ లక్షణాల్లోనే దాన్ని చేర్చారు. ఒక పిల్లాడికి వేళ్లకి పెరుగు అంటితే భరించలేనంత చిరాకు, ఇంకొకడికి మూతి చుట్టూ అన్నం అంటినా ఉన్నట్టే తెలియదు. ఒకే పిల్లాడిలో రెండూ ఉండొచ్చు, మీవాడు అలాగే ఉన్నట్టున్నాడు. చొక్కాకి తుడుచుకుంటున్నాడంటే వేళ్ల తడి వాడికి నచ్చట్లేదు. బుగ్గల నిండా కుక్కుతున్నాడంటే నోట్లో ఎంత ఉందో సరిగా తెలియట్లేదు, నిండితే గానీ వాడి నోటికి కబురు అందట్లేదు.

చేత్తో అన్నం తినడం పెద్దవాళ్లకి ఆలోచన లేకుండా జరిగిపోయే పని గానీ అందులో ఎన్ని మెట్లున్నాయో ఒకసారి మీరే మెల్లగా తింటూ గమనించండి. కలపాలి, కొంచెమే విడదీయాలి, వేళ్ల కొసలతో దగ్గరకి తేవాలి, ఎంత నొక్కాలో తెలియాలి (ఎక్కువ నొక్కితే పిండైపోతుంది, తక్కువైతే రాలిపోతుంది), విడిపోకుండా నోటిదాకా ఎత్తాలి, చివర్లో బొటనవేలితో లోపలికి తోయాలి. వేళ్ల పట్టు బలహీనంగా ఉన్న పిల్లాడు అరచేత్తో పిసకడం సహజం. ఇంగ్లీషు పుస్తకాలూ వీడియోలూ చెంచా, ఫోర్క్ గురించే చెప్తాయి, ముద్ద గురించి ఏమీ ఉండదు. అందుకే చాలామంది తల్లిదండ్రులు థెరపీలో చెంచా నేర్పించి ఇంట్లో మళ్లీ చేత్తో తినమంటారు, పిల్లాడు రెండింటికీ మధ్య నలిగిపోతాడు. చెంచాతో తినాలా చేత్తో తినాలా అని నన్నడిగితే, వాడికి ఏది తేలికో అదే. చేతి తడి అసలు పడకపోతే జీవితాంతం చెంచాతో తిన్నా నష్టం ఏమీ లేదు.

మొదట కుర్చీ సంగతి చూడండి. కాళ్లు గాలిలో వేలాడుతున్నాయా? పెద్దవాళ్ల డైనింగ్ కుర్చీలో ఆరేళ్ల పిల్లాడికి దాదాపు ఎప్పుడూ అదే పరిస్థితి. కాళ్లకి ఆధారం లేకపోతే ఒళ్లు నిలబెట్టుకోవడానికే వాడి శక్తంతా పోతుంది, చేతికి మిగలదు, కాసేపటికి జారతాడు లేదా లేచిపోతాడు. పాదాల కింద పీటో బోర్లించిన గట్టి డబ్బానో పెట్టండి, వెనక దిండు పెట్టి ముందుకి జరపండి, మోకాళ్లు, తుంటి సుమారు లంబకోణంలో మడవాలి, బల్ల వాడి మోచేతుల ఎత్తులో ఉండాలి. నేల మీద కూర్చునే అలవాటుంటే ఇంకా మంచిదే, బాసింపట్టు వేయించి వీపు గోడకి ఆనించి కంచాన్ని చిన్న స్టూలు మీద పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే లేచి తిరగడం తగ్గిన పిల్లల్ని చాలామందిని చూశాను.

తర్వాత కంచం. అంచు ఎత్తుగా, నిటారుగా ఉన్న స్టీలు కంచం కావాలి, ముద్దని అంచుకి ఆనించి దగ్గరకి తెచ్చుకోవచ్చు. చదునైన మెలమైన్ ప్లేటులో అన్నం పారిపోతుంటుంది. కింద తడిగుడ్డ గానీ పాత యోగా మ్యాట్ ముక్క గానీ వేస్తే జారదు. స్టీలు చప్పుడుకి వాడు చెవులు మూసుకుంటాడేమో కూడా చూడండి, అలాగైతే అదే ఆకారంలో వేరేది వెతకండి. మిక్సీ, కుక్కర్ విజిల్, చిమ్నీ, టీవీ అన్నీ ఒకేసారి మోగుతున్న వేళలో ఏ పిల్లాడికీ కొత్త పని నేర్పలేం.

అన్నం విషయానికొస్తే, నేర్చుకునే రోజుల్లో ముద్ద కట్టే అన్నమే పెట్టండి. ఒక్క గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా వండి, ముద్దపప్పు నెయ్యి వేసి కలిపితే చక్కగా నిలుస్తుంది. పులిహోర, జీర రైస్ రాలిపోతాయి. చారన్నం, పల్చటి మజ్జిగన్నం చేత్తో తినడం పెద్దవాళ్లకే కష్టం, అవి గిన్నెలో చెంచాతో ఇవ్వండి. ఒకేసారి కంచం నిండా వద్దు, నాలుగు ముద్దలకి సరిపడా పెట్టి అయ్యాక మళ్లీ వడ్డించండి. ముందు పెద్ద రాశి లేకపోతే పిసకడానికి కూడా ఏమీ ఉండదు. అన్నానికి కూర తగిలితే ఒప్పుకోని పిల్లలకి గళ్ల కంచం వాడండి, కలిపి పెట్టి "ఏం కాదు తిను" అని ఒత్తిడి చేయొద్దు.

నేర్పే పద్ధతి చివరి మెట్టు నుంచి మొదలవ్వాలి. మీరే అన్నం కలిపి, చిన్న ఉసిరికాయంత ముద్దలు చేసి, కంచం అంచున వరసగా పెట్టండి, వాడి పని తీసి నోట్లో పెట్టుకోవడం మాత్రమే. ఇది ప్రతిసారీ గెలిచే పని కాబట్టి వాడు విసుక్కోడు. అది నిలకడగా వచ్చాక, మీరు సగం చేసిన ముద్దని వాడు వేళ్లతో దగ్గరకి నొక్కాలి. ఆ తర్వాత కొంచెం అన్నాన్ని విడదీసి పక్కకి తెచ్చుకోవడం. కలపడం అన్నిటికంటే చివర. ఒక్కో మెట్టుకి వారం పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. చెయ్యి సాయం ఇవ్వాల్సి వస్తే ఎదురుగా కాకుండా వాడి వెనకో పక్కనో కూర్చోండి, వాడి చెయ్యి పట్టుకుని ఆడించొద్దు, మీ చేతి మీద వాడి చెయ్యి పెట్టుకోనివ్వండి. వద్దనుకుంటే తీసేసుకునే వీలు వాడికి ఉండాలి. బలవంతంగా చెయ్యి పట్టి నోట్లో పెట్టించిన పిల్లలు కంచం చూస్తేనే ఏడవడం నేను చూశాను, మాటలొచ్చిన ఆటిస్టిక్ పెద్దవాళ్లు తమ చిన్నతనం గురించి చెప్పుకునే బాధల్లో కూడా ఇది తరచుగా వినిపిస్తుంది.

ఎడమ చేతివాటం ఉందేమో కూడా గమనించండి. మన ఇళ్లలో ఎడమ చేత్తో తింటే ఊరుకోరు, కానీ వేళ్ల పని ఇప్పటికే కష్టంగా ఉన్న పిల్లాడికి బలహీనమైన చేత్తో తినమనడం అన్యాయం. ఈ ఒక్క విషయంలో పెద్దవాళ్ల మాట పక్కన పెట్టాల్సి వస్తే పెట్టేయండి. ఎంగిలి గురించి ఇంట్లో పట్టింపు ఉంటే వాడి కంచంలోకి అన్నీ ముందే వేరుగా వడ్డించేయండి, గిన్నెల్లో చెయ్యి పెట్టాడన్న గొడవే రాదు.

చేతులు తుడుచుకోవడానికి కంచం పక్కనే ఒక చిన్న తడిగుడ్డ పెట్టండి, రోజూ ఒకే చోట. చొక్కా వైపు చెయ్యి వెళ్తుంటే మాట్లాడకుండా గుడ్డ వైపు చూపించండి, నాలుగు రోజుల్లో కాకపోయినా మెల్లగా అలవాటవుతుంది. ముద్ద ముద్దకీ మీరు వాడి మూతి తుడవడం మాత్రం మానేయాలి. ముఖం మీద హఠాత్తుగా తగిలే తేలికపాటి తాకిడి ఈ పిల్లల్లో చాలామందికి ముళ్లు గుచ్చినట్టు ఉంటుంది. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, ముందు గుడ్డ చూపించి కొంచెం గట్టిగా అద్దండి. అద్దం ముందు పెట్టి వాడే తుడుచుకునేలా చేస్తే ఇంకా నయం, మూతికి అంటింది వాడికి తెలియకపోయినా కనపడుతుంది.

పూయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పుగా అర్థం చేసుకునేది దాన్నే. ఎప్పుడు పూస్తున్నాడో చూడండి. మొదట్లోనే పూస్తే వాడికి ఆ మెత్తదనం ఇష్టం, ఆ సరదా తీరడానికి వేరే చోటు ఇవ్వాలి. భోజనానికి ముందు పది నిమిషాలు చపాతీ పిండి పిసకమనండి, స్నానాల గదిలో సబ్బు నురగతో ఆడుకోనివ్వండి, బకెట్లో నీళ్లు మోయించండి. పిండి పిసకడం, బరువు మోయడం లాంటి పనుల తర్వాత కొంతమంది పిల్లలు నిలకడగా కూర్చుంటారు, కొంతమందిలో తేడా ఏమీ రాదు, మీవాడు ఏ రకమో వారం చూస్తే తెలుస్తుంది. అలా కాకుండా భోజనం చివర్లో పూస్తున్నా, కంచం తోసేస్తున్నా, విసిరేస్తున్నా అది ఆట కాదు, "నాకు చాలు" అని చెప్పడం. మాట లేని పిల్లాడు ఇంకెలా చెప్తాడు? వాడికి ఒక దారి చూపించండి. కంచం పక్కన ఖాళీ గిన్నె పెట్టి "అయిపోయింది" అంటూ మిగిలిన ముద్దని అందులో వేయించండి, లేదా చెయ్యి సైగో బొమ్మ కార్డో నేర్పండి. వాడు ఆ సైగ చేసిన వెంటనే భోజనం నిజంగా ఆపేయాలి. "ఇంకొక్క ముద్ద నాన్నా" అన్నారంటే ఆ సైగకి విలువ పోతుంది, మర్నాడు మళ్లీ పెరుగన్నం బల్ల మీదే ఉంటుంది.

నోట్లో కుక్కుకోవడం మాత్రం శుభ్రత సంగతి కాదు, ప్రాణం సంగతి. ఇడ్లీని చిన్న ముక్కలు చేసి ఒక్కొక్కటే కంచంలో వేయండి, అది మింగాకే తర్వాతది. మధ్యలో ఒక గుక్క నీళ్లు. తినే ముందు కాస్త చల్లటి నీళ్లో, నిమ్మరసం చుక్కో, కరకరలాడే అప్పడం ముక్కో ఇస్తే నోటికి తెలివి వస్తుంది. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు చేయండి, వేరుశనగ గింజలు, పాప్‌కార్న్, పచ్చి క్యారట్ ముక్కలు ప్రస్తుతానికి పెట్టొద్దు. ఇక్కడ పొరుగిళ్లలో రాగి ముద్ద ప్రేమగా పెడతారు, కానీ దాన్ని నమలకుండా సారులో (కన్నడవాళ్ల చారు) అద్ది మింగడమే పద్ధతి. కుక్కుకునే పిల్లాడికి అది ఇప్పుడొద్దు, రాగి దోసెగానో జావగానో ఇవ్వండి. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, నోట్లో గుడ్డిగా వేలు పెట్టొద్దు. శబ్దం రాక, ఊపిరి ఆడక, రంగు మారుతుంటే మాత్రం ముందుకు వంచి భుజాల మధ్య వీపు మీద అయిదు గట్టి దెబ్బలు, తగ్గకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన అయిదుసార్లు లోపలికీ పైకీ నొక్కడం, పక్కనున్నవాళ్లు 108కి ఫోన్ చేయడం. ఇంట్లో అందరూ, పనమ్మాయితో సహా, ఇది ముందే నేర్చుకుని ఉండాలి. నీళ్లు తాగితే పొలమారడం, తిన్నాక గొంతు తడిగా గరగరలాడడం ఉంటే వెంటనే మింగడం గురించి తెలిసిన స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించండి.

ఫోన్ విషయంలో తొందరపడకండి. ఒకే నెలలో ముద్ద నేర్పి, ఫోన్ మాన్పించి, కూర్చోబెట్టడం కుదరదు. ముద్దల పని కాస్త గాడిలో పడ్డాక, మొదటి రెండు ముద్దలు ఫోన్ లేకుండా, తర్వాత ఫోన్. మెల్లగా వీడియో తీసేసి పాట మాత్రమే ఉంచండి. ఇంటి చప్పుడుని తట్టుకోవడానికే కొందరు పిల్లలు ఫోన్‌లోకి వెళ్లిపోతారు, గది నిశ్శబ్దం చేస్తే ఫోన్ అవసరం దానంతటదే తగ్గుతుంది. కూర్చోవడానికి మొదట అయిదు నిమిషాల లక్ష్యం చాలు, ఇసుక గడియారం లాంటిది ఎదురుగా పెడితే ఎప్పుడు అయిపోతుందో వాడికి కనపడుతుంది. లేచి వెళ్తే వెళ్లనివ్వండి, కానీ అన్నం బల్ల దగ్గరే ఉంటుంది. గిన్నె పట్టుకుని లిఫ్ట్ చూపిస్తూ, కుక్కల్ని చూపిస్తూ అపార్ట్‌మెంట్ చుట్టూ తిప్పడం ఎంత ప్రేమతో చేసినా, తిరుగుతూ తినడాన్నే నేర్పుతుంది. భోజనానికీ భోజనానికీ మధ్య రెండున్నర, మూడు గంటలు నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకపోతే ఆకలి కూడా మీ వైపు పని చేస్తుంది. రోజుకి అర లీటరు దాటి పాలు తాగుతుంటే తగ్గించండి, కడుపు పాలతోనే నిండుతుంది, రక్తంలో ఐరన్ కూడా పడిపోవచ్చు.

ఇదంతా రోజుకి ఒక్క పూటే చేయండి. పొద్దున స్కూల్ బస్సు హడావుడిలో అసలొద్దు, సాయంత్రం టిఫిన్ వేళ బాగుంటుంది. మిగతా పూటలు అత్తయ్యగారు తినిపించినా తప్పేం లేదు, బిడ్డ కడుపు నిండాలన్నదే ఆవిడ ఆరాటం. ఆవిడతో వాదించే బదులు పని అప్పజెప్పండి: అన్నం కలిపి ముద్దలు చేసి అంచున పెట్టే పని ఆవిడదే, తనూ పక్కన కూర్చుని అదే అన్నం తినాలి. "అత్తయ్యా, మీరు చేసిన ముద్దయితేనే వాడు తీసుకుంటాడు" అంటే ఆవిడా సంతోషిస్తారు, అది నిజం కూడా. ఇంట్లో అందరూ అవే చిన్న మాటలు వాడాలి, "తిను, నమలు, తుడుచుకో, అయిపోయింది", అంతకంటే ఎక్కువ వద్దు. స్కూల్లో కన్నడం, థెరపీలో ఇంగ్లీషు ఉన్నాయని ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా చెప్తే వినొద్దు, రెండు మూడు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఆలస్యమవుతుందనడానికి ఆధారం లేదు.

స్కూల్లో లంచ్ బాక్స్ ముట్టకుండా తెస్తున్నాడంటే చాలావరకు అక్కడి గోలే కారణం. ఓ మూల సీటు, అయిదు నిమిషాలు ముందుగా తినే వీలు, తన చెంచా తను వాడుకునే వీలు అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ఇలాంటి చిన్న సర్దుబాట్లు అడగడం మీ హక్కు, మొహమాటం అక్కర్లేదు.

పెళ్లికి ఇప్పటి నుంచే కొంచెం అలవాటు చేయొచ్చు. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలప్పుడు ఖాళీగా ఉండే దర్శినికి (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) తీసుకెళ్లండి, ఒక్క ఇడ్లీ, రెండు చెంచాలు, సాంబారు వేరే గిన్నెలో, అయిదు నిమిషాల్లో బయటికి. నిలబడి తినడం వాడికి నచ్చినా నచ్చొచ్చు. ఎంత తిన్నాడన్నది లెక్క కాదు, కొత్త చోట తినే శబ్దాల మధ్య ఉండగలగడమే ఆ రోజు పని. పెళ్లిలో మాత్రం ఆకు మీద నేర్పే ప్రయత్నం చేయొద్దు. ఆకు జారుతుంది, రసం ఒళ్లోకి వస్తుంది, వెనక బంతి వాళ్లు నిలబడి చూస్తుంటారు. వాడి కంచం, వాడి గుడ్డ, వాడికి నచ్చిన డబ్బా అన్నం మీతోనే తీసుకెళ్లండి, విడిదిలోనే కడుపు నిండా పెట్టేయండి, తర్వాత బంతిలో చివర ఆకు దగ్గర ఒక అప్పడం, ఒక స్వీటుతో కూర్చుంటే చాలు. ఎవరైనా అడిగితే "వాడికి ఆటిజం, ఇలాగే తింటాడు" అనేయండి. ఆ మాట మీ ఆయన నోటి నుంచి వస్తే ఇంకా మంచిది, చిత్తూరులో ఉన్నది ఆయన వైపు బంధువులు కదా.

కొన్ని విషయాలకి మాత్రం ఇంటి ప్రయత్నం సరిపోదు. తినే రకాలు ఇరవై కంటే తక్కువై ఇంకా తగ్గిపోతుంటే, బరువు పెరగకపోతే, మలబద్ధకం ఉంటే (ఇది ఆకలిని చంపేస్తుంది, చాలామంది దీన్ని పట్టించుకోరు), పంటి నొప్పి అనుమానం ఉంటే, మట్టి, సుద్దముక్క, గోడ సున్నం తింటుంటే పిల్లల డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించండి. నెలల తరబడి రెండు మూడు రకాలే తిన్న పిల్లల్లో విటమిన్ సీ లోపించి చిగుళ్లు, కాళ్లు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, కాబట్టి "పెద్దయితే అదే తింటాడులే" అని వదిలేయకండి. గోధుమ, పాలు పూర్తిగా మానేస్తే ఆటిజం తగ్గుతుందని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, దానికి గట్టి ఆధారాలు లేవు, అసలే తక్కువ రకాలు తినే పిల్లాడి దగ్గర ఉన్నవి కూడా లాక్కున్నట్టవుతుంది.

ప్రైవేటు థెరపీ ఖర్చు భారంగా ఉంటే బెంగళూరు హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది, మాట, మింగడం సమస్యలకి మైసూరులో 1965 నుంచి ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఆటిజం ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల వరకు కవరేజీ ఉంటుంది, అందులో థెరపీకి కూడా కొంత వస్తుంది. వైకల్య ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే ముందు దానికి దరఖాస్తు చేయండి.

ఏ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లినా ఇంట్లో ఒక పూట భోజనం వీడియో తీసి తీసుకెళ్లండి, గదిలో కూర్చోబెట్టి బిస్కెట్ తినిపిస్తే మాకు అసలు సంగతి కనపడదు. ముందు నుంచి కాకుండా పక్క నుంచి తీయండి, వాడి వీపు, చెయ్యి, కంచం, పాదాలు అన్నీ ఫ్రేములో ఉండాలి, మొదటి రెండు నిమిషాలూ చివరి రెండు నిమిషాలూ ఉంటే చాలు.